నీళ్ళ విరేచనాలా? ఉప్పుకు భయపడకండి

"డాక్టరుగారూ, నిన్న పొద్దుటినుంచీ పదిసార్లయిందండి. కొబ్బరినీళ్ళు పట్టాం, గ్లూకోజు కలిపి ఇచ్చాం, బార్లీ కాచి పోశాం. అయినా పిల్లాడు తేరుకోవడం లేదండి."

"వీటిలో ఉప్పు ఏమైనా వేశారా అమ్మా?"

"ఉప్పా అండీ! వేడి చేస్తుందని మా అత్తగారు దగ్గరికే రానివ్వలేదండి."

గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో డెల్టాలో ఏ డాక్టరు గదిలోనైనా ఇలాంటి మాటలు వినబడతాయి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళకు, 2022 జులై వరద చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. లంకలు మునుగుతాయి, చేతిపంపులు మునుగుతాయి, మంచినీళ్ళ చెరువులోకి ఊళ్ళోని మురుగంతా చేరుతుంది. నీరు తీసేసిన వారం పది రోజుల్లో వాంతులూ విరేచనాలూ మొదలవుతాయి. వరదే రానక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువు అడుగు నీళ్ళు తాగినా ఇదే గతి.

పై తల్లి ఇచ్చినవి చెడ్డవేమీ కావు. కాని పిల్లవాడి ఒంట్లోంచి పోయినది ఒకటి, ఆవిడ తిరిగి పోసినది మరొకటి. పోయినదేమిటో తెలియాలంటే ఉప్పు నీళ్ళలో కలిసినప్పుడు ఏమవుతుందో కాస్త చూడాలి. ఇది పదో తరగతి రసాయనశాస్త్రమే గాని, ఆ పాఠం పరీక్ష అయిపోగానే మరిచిపోవలసినది కాదు.

పంచదార నీళ్ళలో వేస్తే కరుగుతుంది, ఉప్పు వేసినా కరుగుతుంది. చూడడానికి రెండూ ఒకటే. కాని మీ అబ్బాయి చేత ఒక ప్రయోగం చేయించండి. నాలుగు టార్చి బ్యాటరీలు వరసగా పెట్టి, రెండు తీగలూ ఒక చిన్న ఎల్.ఇ.డి. బల్బూ తగిలించి, ఆ తీగల కొసలు పంచదార నీళ్ళలో ముంచితే బల్బు వెలగదు. ఉప్పునీళ్ళలో ముంచితే వెలుగుతుంది. (గోడకున్న ప్లగ్గుతో మాత్రం ఈ ఆట వద్దు, ప్రాణాలు పోతాయి.) పంచదార రేణువులు నీళ్ళలో విడివిడిగా తిరుగుతాయే తప్ప ముక్కలు కావు. ఉప్పు అలా కాదు. ఉప్పు రవ్వలోనే ధనావేశం ఉన్న సోడియం, ఋణావేశం ఉన్న క్లోరైడు ఒకదాన్నొకటి పట్టుకుని బారులు తీరి ఉంటాయి. నీళ్ళు వాటి మధ్య దూరి పట్టు విడిపిస్తాయి. అలా విడిపోయి, విద్యుత్తును మోస్తూ నీళ్ళలో తిరిగే కణాలనే అయాన్లంటారు. ఇల్లు కట్టేటప్పుడు కరెంటు పనివాడు ఎర్త్ గుంటలో ఉప్పూ బొగ్గూ పొరలుగా వేసి, ఎండాకాలంలో అందులో బిందెడు నీళ్ళు పోస్తూండమని చెప్పేది ఇందుకే. ఇన్వర్టరు బ్యాటరీలో కుళాయి నీళ్ళు పోయవద్దని, డిస్టిల్డు వాటరే పోయమని చెప్పేదీ ఇందుకే. కుళాయి నీళ్ళలో అక్కరలేని అయాన్లుంటాయి.

ఈ సంగతి మొదట చెప్పినతణ్ణి పెద్దలు నమ్మలేదు. స్వీడన్ దేశంలో అర్హీనియస్ అనే పాతికేళ్ళ యువకుడు, నీళ్ళలో కరిగిన లవణాలు అయాన్లుగా విడిపోతాయని 1884లో తన పరిశోధన వ్యాసంలో రాస్తే, ఉప్సాలా విశ్వవిద్యాలయం వారు బొటాబొటి మార్కులిచ్చి పంపేశారు. ఆ సిద్ధాంతానికే 1903లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఆమ్లాల సంగతి కొంచెం వేరు. ఉప్పులో అయాన్లు ముందే ఉన్నాయన్నాను. ఆమ్లంలో ముందుగా ఉండవు, నీళ్ళు తగిలాకే పుడతాయి. హైడ్రోజన్ క్లోరైడు అనే పొడి వాయువులో అయాన్లు లేవు. అది నీళ్ళలో కలవగానే దానిలోని హైడ్రోజన్ తన ఎలక్ట్రానును క్లోరిన్ దగ్గరే వదిలేసి ధనావేశంతో నీటి అణువును అంటిపెట్టుకుంటుంది. పులుపు, మంట, లోహాన్ని తినేసే గుణం, ఇవన్నీ ఈ హైడ్రోజన్ అయానువే. మన జీర్ణకోశంలో ఊరేది ఈ హైడ్రోక్లోరికామ్లమే. ఇది పూర్తిగా విడిపోయే బలమైన ఆమ్లం. చింతపండు, నిమ్మకాయ, పుల్లమజ్జిగ, తరవాణి, వీటిలోవి బలహీనమైన ఆమ్లాలు. అణువుల్లో కొద్ది మాత్రమే విడిపోతాయి, తక్కినవి అలాగే ఉంటాయి. అందుకే నాలుక మీద వేసుకోగలుగుతున్నాం. అయినా ఆ కొద్ది చాలు, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు నిలవ ఉంచితే రాగి పులుసులోకి దిగి వాంతులు పట్టించడానికి. మన పెద్దవాళ్ళు కళాయి వేయించకుండా ఇత్తడి గిన్నెలో చారు కాచేవారు కారు. ఇప్పుడు పాతసామాన్లు ముచ్చటగా బయటికి తీసి వాడుతున్న ఇల్లాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మళ్ళీ మన పిల్లవాడి దగ్గరికి వద్దాం.

మన ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. అవి వట్టి నీళ్ళు కావు, అయాన్లున్న నీళ్ళు. రక్తంలోనూ కణాల వెలుపలా సోడియం, క్లోరైడు, బైకార్బొనేటు ఉంటాయి. కణాల లోపల పొటాషియం, ఫాస్ఫేటు ఉంటాయి. గుండె కొట్టుకోవడం, కండరం ముడుచుకోవడం, నరం కబురు మోయడం, అంతా ఈ అయాన్లు కణం గోడకు అటూ ఇటూ మారడం వల్లనే జరుగుతుంది. ఆసుపత్రిలో రక్తం తీసి 'ఎలక్ట్రొలైట్సు' అని చీటీ ఇస్తారే, అందులో లెక్కవేసేది వీటినే. సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్సు, పొటాషియం 3.5 నుంచి 5. ఆ గీత దాటితే ఎటైనా ప్రమాదమే.

ఈ లెక్కలు కట్టే విద్యలో మన గోదావరి జిల్లావాడికి ఒక వాటా ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి, రక్తంలో ఫాస్ఫేటు ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆమ్లం కలిపిన మాలిబ్డేటు ద్రావణంలో ఫాస్ఫేటు అయాన్లు చేరితే, మరో రసాయనం సాయంతో నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ప్రపంచంలో దశాబ్దాలపాటు ప్రయోగశాలలన్నీ వాడిన పరీక్ష అది. ఆయన కథలో మనకు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. ఆయన సోదరులిద్దరు రోజుల వ్యవధిలో సంగ్రహణి వంటి విరేచనాల వ్యాధితో, దొరలు స్ప్రూ అనే దానితో, పోయారు. ఆయనకూ ఆ వ్యాధి సోకి, బతికి బయటపడ్డారు. తరవాత ఆ వ్యాధికి పనిచేసే ఫోలికామ్లాన్ని తయారుచేసిన పరిశోధన బృందానికి ఆయనే నాయకుడు. విరేచనాలు ఇంట్లో ఎంత పని చేయగలవో ఆ కుటుంబానికి తెలిసినట్టు మరొకరికి తెలియదు.

విరేచనాల్లో పోయేది నీళ్ళొక్కటే కాదు. సోడియం, పొటాషియం, క్లోరైడు, బైకార్బొనేటు అన్నీ పోతాయి. కలరా అయితే పెద్దవాడికి ఒక్కరోజులో పది లీటర్ల పైన పోవచ్చు. సోడియం పోతే రక్తం పరిమాణం తగ్గి నాడి నీరసిస్తుంది. పొటాషియం పోతే కాళ్ళు వేలాడిపోతాయి, పొట్ట ఉబ్బుతుంది. బైకార్బొనేటు పోతే హైడ్రోజన్ అయాన్లను పట్టి ఉంచేవాడు లేక రక్తం ఆమ్లం వైపు మొగ్గుతుంది. అప్పుడు పిల్లవాడు ఆయాసపడుతూ లోతుగా ఊపిరి పీలుస్తాడు. ఊపిరితిత్తుల్లో జబ్బేమోనని తల్లిదండ్రులు బెంగపడతారు, అసలు నష్టం పేగుల్లో జరుగుతూంటుంది.

పోయినవి తిరిగి పోస్తే మనిషి లేస్తాడని 1832లోనే స్కాట్లండులో లాటా అనే వైద్యుడు చూపించాడు. కలరాతో చావబోతున్న ఒక ముసలామెకు ఉప్పునీళ్ళు నరంలోకి ఎక్కించాడు. కాని నోటితో తాగిస్తే? వట్టి ఉప్పునీళ్ళు కలరా పేగులో ఇంకవు. ఇక్కడే పంచదార పని పడింది. పేగు గోడలో ఒక చిన్న వాకిలి ఉంది. సోడియం, గ్లూకోజు చేయీ చేయీ పట్టుకు వస్తేనే అది తెరుచుకుంటుంది. రెండు సోడియం అయాన్లకు ఒక గ్లూకోజు, వాటి వెంట నీళ్ళు. 1960లో క్రేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ జోడు ప్రయాణాన్ని గుర్తించాడు. విచిత్రమేమిటంటే, కలరా విషం పేగులనుంచి నీటిని బయటికి తోడేస్తున్నా ఈ వాకిలి మాత్రం చెడదు. అందుచేత గ్లూకోజు ఒక్కటే ఇచ్చినా చాలదు, ఉప్పు ఒక్కటే ఇచ్చినా చాలదు.

దీన్ని పెద్దయెత్తున రుజువు చేసినవాడు బెంగాలీ వైద్యుడు దిలీప్ మహలనబిస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులు బనగాఁవ్ ఆసుపత్రిలో నేలమీద బారులుగా పడి ఉన్నారు. సెలైను సీసాలు నిండుకున్నాయి. ఆయన ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కొలిచి పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్ళతో కలిపించి, గ్లాసులతో తాగించే పని రోగుల బంధువులకే అప్పగించారు. అంతకుముందు నూటికి ముప్పైమంది దాకా పోతున్న చోట, ఆ తరవాత మరణాలు నూటికి నాలుగు లోపుకు దిగాయి. 2022లో ఆయన కన్నుమూశాక, 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ పొట్లమే నేటి ఓ.ఆర్.ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నిర్ణయించిన పాళ్ళ ప్రకారం, లీటరు పొట్లంలో 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. నిమ్మజాతి ఆమ్లపు లవణమైన ఆ సిట్రేటు ఒంట్లోకి వెళ్ళి బైకార్బొనేటుగా మారి, ఇందాక చెప్పిన ఆమ్లదోషాన్ని సరిచేస్తుంది. పొట్లం మీద రాసిన కొలతకు నీళ్ళు సరిగ్గా పోయాలి. లీటరు పొట్లాన్ని గ్లాసులో సగం సగం కలిపి ఇవ్వడం పెద్ద తప్పు. చిక్కనైతే మేలు చేయదు సరికదా, సోడియం పెరిగి పసిపిల్లలకు ఫిట్సు రావచ్చు. కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, మూత పెట్టి, 24 గంటలు దాటితే పారబోయాలి.

రాత్రివేళ పొట్లం దొరకలేదా? లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. గోపురంగా కాదు, వేలితో సమంగా గీసి కొలవాలి. మన పల్లెల్లో కల్లుప్పు వాడతారు, దాని కొలత కుదరదు, మెత్తగా దంచి కొలవండి. కలిపాక రుచి చూడండి. కన్నీటికంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. దీనిలో పొటాషియం లేదు కనుక ఇది పొట్లం వచ్చేదాకా ఆదుకునేదే. అర చెంచా ఉప్పు వేసిన లీటరు గంజి కూడా మంచిది, గంజిలోని పిండి పేగులో గ్లూకోజుగా మారి ఆ వాకిలే తెరుస్తుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగా ఇవ్వవచ్చు.

ఇక కొబ్బరినీళ్ళు. కోనసీమ వాళ్ళతో దీని గురించి వాదం పెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కొబ్బరినీళ్ళు మంచివే. వాటిలో పొటాషియం దండిగా ఉంది. కాని విరేచనాల్లో ముఖ్యంగా పోయే సోడియం వాటిలో చాలా తక్కువ. ఓ.ఆర్.ఎస్.తో పాటు ఇవ్వండి, దాని బదులు ఇవ్వకండి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకు ఆ పొటాషియమే గుండెకు ముప్పు తెస్తుంది, వాళ్ళు డాక్టరును అడక్కుండా ముట్టుకోకూడదు. కూల్‌డ్రింకులు, డబ్బా పళ్ళరసాలు బొత్తిగా వద్దు. వాటిలోని అతి చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. ఇలాంటి తియ్యటి పానీయాలకే పేరులో 'ఓ.ఆర్.ఎస్.' తగిలించి మందుల షాపుల్లో అమ్మడంపై హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది. అయినా మీ జాగ్రత్త మీది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళ ప్రకారం అని ఉందో లేదో చదివి కొనండి.

"ఇదంతా ఎందుకండీ, ఒక సెలైను ఎక్కించెయ్యండి" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అర లీటరు సెలైను సీసాలో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు. అర లీటరు గ్లూకోజు సీసాలో పాతిక గ్రాముల గ్లూకోజు, రెండు ఇడ్లీలు పెట్టే బలం. మింగగలిగిన మనిషికి సూది గుచ్చి పోయడం దేనికి? స్పృహ తప్పినవాడికి, ఆగకుండా వాంతులవుతున్నవాడికి, నాడి అందనివాడికి మాత్రం అదే ప్రాణం పోస్తుంది.

ఎలా పట్టాలంటే, రెండేళ్ళలోపు పిల్లలకు ప్రతి విరేచనం తరవాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో, నిమిషానికి ఒకటి రెండు చెంచాలుగా. అంతకు పెద్ద పిల్లలకు 100 నుంచి 200. పెద్దవాళ్ళు తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకూడదు, అన్నమూ మాన్పించకూడదు. కళ్ళు పీక్కుపోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, పొట్టమీది చర్మం వేళ్ళతో పట్టి వదిలితే మడతపడి నెమ్మదిగా సర్దుకుంటున్నా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మగతగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో కూర్చోకండి. ఆసుపత్రికి వెళ్ళే దారిలో కూడా, పిల్లవాడు తెలివిగా ఉండి మింగగలిగితే, చెంచాతో పడుతూనే వెళ్ళండి. కనకాయలంకలాంటి చోట కాజ్‌వే మునిగి పడవకోసం కాచుకునే వేళ ఆ చెంచాలే నిలబెడతాయి.

అసలు జబ్బు రాకుండా నీళ్ళ సంగతి చూసుకోవడంలోనూ అయాన్ల పనే. వరదనీళ్ళలోని సన్నటి బంకమన్ను రేణువులన్నిటికీ ఋణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అడుక్కు చేరవు. పటిక తిప్పితే దానిలోని అల్యూమినియం అయాన్ల ధనావేశం ఆ తగువును తీర్చి, రేణువుల్ని ముద్దలు కట్టించి దింపేస్తుంది. మన వాళ్ళు కుండలో ఇండుపగింజ అరగదీసేదీ ఇలాంటి ఫలితం కోసమే. అయితే తేటబడిన నీళ్ళన్నీ మంచినీళ్ళని భ్రమపడకండి, పటిక మట్టిని దింపుతుంది గాని క్రిముల్ని నమ్మకంగా చంపదు. తేటనీరు వంచుకుని, తెర్లేదాకా కాచండి. లేదా ఆరోగ్య కార్యకర్తలిచ్చే క్లోరిన్ బిళ్ళ చెప్పిన కొలతకు వేసి అరగంట ఆగండి. క్లోరిన్ నీళ్ళలో హైపోక్లోరసామ్లం అవుతుంది. ఇది చింతపండులోదానికంటే కూడా బలహీనమైన ఆమ్లం. తమాషా ఏమిటంటే, అయాన్లుగా విడిపోని హైపోక్లోరసే క్రిమి గోడలో సులువుగా దూరుతుంది. విడిపోయిన అయానుకు ఋణావేశం, క్రిమి పైపొరకూ ఋణావేశమే కనుక లోపలికి పోలేక తన్నుకులాడుతుంది. మట్టినీళ్ళలో క్లోరినంతా మట్టికే ఖర్చయిపోతుంది, అందుకే ముందు పటిక, తరవాత బిళ్ళ.

వరద తీశాక ఇల్లు కడిగేటప్పుడు ఒక హెచ్చరిక. బ్లీచింగు చల్లిన చోట బాత్‌రూం యాసిడ్ పోయకండి. యాసిడ్‌లోని హైడ్రోజన్ అయాన్లు తగిలితే బ్లీచింగులోంచి క్లోరిన్ వాయువు ఎగదన్నుతుంది. గదిలో ఉన్నవాళ్ళకు ఊపిరాడదు. రెండూ శుభ్రం చేసేవే కదా, రెండూ కలిపితే ఇంకా శుభ్రమనుకుని తలుపు వేసుకుని కడిగేవాళ్ళున్నారు.

ఇక ఆఖరుగా జింకు బిళ్ళ. ఓ.ఆర్.ఎస్. పొట్లంతోపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇస్తారు. చెంచాడు తల్లిపాలలోనో కాచిన నీళ్ళలోనో వేస్తే కరిగి, జింకు అయానుగా ఒంటికి పడుతుంది. ఆరు నెలలు నిండిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్ళకు 10, వరసగా 14 రోజులు. మూడో రోజుకే విరేచనాలు కట్టాయి కదా అని చాలామంది తల్లులు మానేస్తారు. 14 రోజులూ వేయండి. తరవాతి రెండు మూడు నెలల్లో మళ్ళీ విరేచనాలు పట్టుకునే అవకాశం తగ్గుతుంది.